41వ ఓటు: మసాచుసెట్స్ ఉప ఎన్నిక ఆరోగ్య బిల్లును ఎక్కడ ఆపింది, ఎక్కడ ఆపలేకపోయింది

2010 జనవరి 19 రాత్రి మసాచుసెట్స్ సెనేట్ ఉప ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి స్కాట్ బ్రౌన్ గెలిచేనాటికి అమెరికా కాంగ్రెస్ చేతిలో అధ్యక్షుడు ఒబామా కోరిన ఆరోగ్య సంస్కరణ బిల్లులు రెండున్నాయి. ప్రతినిధుల సభ 2009 నవంబరు 7న 220–215 ఓట్లతో ఒకటి ఆమోదించింది. సెనేట్ డిసెంబరు 24 ఉదయం 60–39తో వేరొకటి ఆమోదించింది. రెండింటినీ కలిపి రాయాల్సిన మూడో బిల్లు మీద వైట్‌హౌస్‌లో చర్చలు నడుస్తున్నాయి. ఖరీదైన బీమా ప్లాన్ల మీద వేసే పన్ను విషయంలో కార్మిక సంఘాలతో జనవరి 14న రాజీ కూడా కుదిరింది. బ్రౌన్ గెలుపుతో డెమొక్రాట్లకు సెనేట్‌లో కావాల్సిన 60 ఓట్లు లేకుండా పోయాయి. దాంతో పోయింది ఆ మూడో బిల్లు. ముందటి రెండూ అలాగే ఉన్నాయి.

ఈ కథ మొత్తం ఆ తేడా మీదే నడిచింది. సంప్రదాయవాద శిబిరం ఆ ఫలితాన్ని బిల్లు మీద ప్రజలిచ్చిన తీర్పుగా చదివింది. కానీ శాసన ప్రక్రియలో ఆ ఫలితం చేసిన పని ఒకటే: సెనేట్ డిసెంబరు 24న రాసిన పాఠాన్ని ఉన్నదున్నట్టు బిగించేసింది. ఆ తర్వాత ఎవరూ దాన్ని స్వేచ్ఛగా దిద్దలేకపోయారు.

సీటు, తేదీలు

ఎడ్వర్డ్ కెనడీ 1962 నుంచి సెనేట్‌లో ఉన్నారు. మెదడు క్యాన్సర్‌తో 2009 ఆగస్టు 25న చనిపోయారు. మసాచుసెట్స్ చట్టం ప్రకారం సీటు ఖాళీ అయిన 145 నుంచి 160 రోజుల లోపు ఉప ఎన్నిక జరగాలి. జనవరి 19 అంటే 147వ రోజు. ఈ నిబంధనకు ఒక చరిత్ర ఉంది. అంతకుముందు తాత్కాలిక సెనేటర్‌ను గవర్నరే నియమించేవారు. 2004లో జాన్ కెరీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు గవర్నర్‌గా రిపబ్లికన్ మిట్ రోమ్నీ ఉన్నారు. కెరీ గెలిస్తే ఖాళీ అయ్యే సీటు రోమ్నీ చేతిలో పడకూడదని రాష్ట్ర డెమొక్రాట్లు ఆ అధికారాన్ని తీసేశారు. 2009 సెప్టెంబరులో, ఈసారి గవర్నర్ తమవాడే కాబట్టి, దాన్ని మళ్లీ తెచ్చుకున్నారు. పాల్ కిర్క్ తాత్కాలిక సెనేటర్ అయ్యారు. డిసెంబరు 24న పడిన 60వ ఓటు కిర్క్‌దే అనుకోవచ్చు. ఆ నియామకం జరగకపోయి ఉంటే సెనేట్ బిల్లే ఉండేది కాదు.

60 ఎందుకంటే, సెనేట్‌లో ఫిలిబస్టర్‌ను (ఓటింగ్ జరగకుండా చర్చను సాగదీసే ఎత్తును) ఆపి చర్చ ముగించడానికి కావాల్సిన సంఖ్య అది. 2009 ఏప్రిల్‌లో రిపబ్లికన్ సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ డెమొక్రాట్ల పార్టీలోకి మారారు. జులైలో అల్ ఫ్రాంకెన్ ప్రమాణం చేశారు. దాంతో 58 మంది డెమొక్రాట్లు, వాళ్ల వైపు కూర్చునే ఇద్దరు స్వతంత్రులు కలిసి సరిగ్గా 60 అయ్యారు. ఒక్కరు తగ్గినా ఆట ఆగిపోతుంది. అందుకే ప్రతి సెనేటర్‌కూ బేరమాడే శక్తి వచ్చింది. నెబ్రాస్కాకు చెందిన బెన్ నెల్సన్, తన రాష్ట్రంలో మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరణ ఖర్చంతా శాశ్వతంగా కేంద్రమే భరించేలా రాయించుకున్నారు. మిగతా రాష్ట్రాలకు లేని వెసులుబాటు అది. సంప్రదాయవాదుల ప్రచారానికి దీనికంటే పదునైన ఆయుధం దొరకలేదు.

బ్రౌన్ ఏం చెప్పి గెలిచారు

మసాచుసెట్స్‌లో ఒబామా 2008లో 26 శాతం తేడాతో గెలిచారు. అటువంటి చోట బ్రౌన్‌కు సుమారు 52 శాతం, డెమొక్రాట్ మార్తా కోక్లీకి 47 శాతం ఓట్లు వచ్చాయి. తేడా లక్షకు పైనే. కోక్లీ డిసెంబరు 8న ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక) గెలిచాక పండగ వారాల్లో ప్రచారం బాగా తగ్గించుకున్నారు. బ్రౌన్ తన పికప్ ట్రక్కు వేసుకుని ఊరూరా తిరిగారు. జనవరి 11న ఒక్క రోజులో ఇంటర్నెట్‌లో 5 లక్షల డాలర్లు సేకరించాలని పెట్టుకుంటే 13 లక్షలు వచ్చాయి. దేశమంతటి నుంచి టీ పార్టీ అనే సంప్రదాయవాద ఉద్యమ మద్దతుదారులు డబ్బు పంపారు. అదే రోజు చర్చలో, కెనడీ సీటు అన్న మాట వచ్చినప్పుడు, ఇది కెనడీల సీటు కాదు, డెమొక్రాట్ల సీటు కాదు, ప్రజల సీటు అన్నారాయన. ఆ ఒక్క మాటతో ప్రచారం తిరిగిపోయింది. ఆటోగ్రాఫుల్లో పేరు పక్కన 41 అని రాయడం మొదలుపెట్టారు. ఫిలిబస్టర్ నిలబెట్టే 41వ ఓటు తానేనని అర్థం.

ఇక్కడ ఒక విషయం మీద ఆగాలి. మసాచుసెట్స్‌లో 2006లోనే అందరికీ బీమా చట్టం వచ్చింది. సంతకం చేసింది రోమ్నీ. రాష్ట్ర సెనేటర్‌గా దానికి ఓటేసినవారిలో బ్రౌన్ ఒకరు. బీమా తప్పనిసరి, లేకపోతే జరిమానా, ఎక్స్చేంజ్ (బీమా ప్లాన్లు పోల్చి కొనుక్కునే చోటు), ఆదాయాన్ని బట్టి సబ్సిడీ అన్నీ అందులో ఉన్నాయి. ఒబామా బిల్లు అస్థిపంజరం అదే. బ్రౌన్ ఆ చట్టాన్ని తప్పుపట్టలేదు. మనకు ఇప్పటికే ఉంది, మిగతా రాష్ట్రాల కోసం మనం పన్ను ఎందుకు కట్టాలన్నారు. ఓటరుకు అది జేబు లెక్క. దాన్ని దేశమంతా ప్రభుత్వ బీమాను తిరస్కరించిన తీర్పుగా చెప్పడం అప్పుడే కొంత అతిగా సాగింది.

సంప్రదాయవాదులు ఫలితాన్ని ఎలా చదివారు

మొదటి స్పందన విజయోత్సాహం. సంప్రదాయవాద పత్రిక ది వీక్లీ స్టాండర్డ్‌కు చెందిన ఫ్రెడ్ బార్న్స్ బిల్లు చనిపోయిందని, మళ్లీ లేచే అవకాశం ఏమాత్రం లేదని రాశారు. రిపబ్లికన్ సెనేటర్ జిమ్ డిమింట్ 2009 జులైలోనే ఈ బిల్లును ఆపగలిగితే అది ఒబామాకు వాటర్లూ, అంటే కోలుకోలేని ఓటమి, అవుతుందని చెప్పి ఉన్నారు. ఆ జోస్యం నిజమైందన్న భావన పార్టీ అంతటా పాకింది. డెమొక్రాట్ల కంగారు దానికి బలం చేకూర్చింది. వర్జీనియా సెనేటర్ జిమ్ వెబ్ ఎన్నికల రాత్రే, బ్రౌన్ ప్రమాణం చేసేదాకా ఆరోగ్య బిల్లు మీద ఇంకే ఓటింగూ జరగకూడదన్నారు. జనవరి 21న స్పీకర్ నాన్సీ పెలోసీ సెనేట్ బిల్లును యథాతథంగా ఆమోదించే ఓట్లు తన సభలో లేవన్నారు.

రెండో స్పందన వ్యూహం. రిపబ్లికన్ నాయకత్వం పెట్టిన షరతు ఒకటే: ఉన్న బిల్లులు పక్కన పెట్టి తెల్ల కాగితం మీద మొదలుపెట్టాలి, చిన్న చిన్న అంచెలుగా వెళ్లాలి. ఫిబ్రవరి 25న అధ్యక్షుడి అతిథి గృహం బ్లెయిర్ హౌస్‌లో ఏడు గంటల పాటు అధ్యక్షుడితో జరిగిన చర్చలో ఈ మాటే మళ్లీ మళ్లీ వినిపించింది. రిపబ్లికన్ ప్రతినిధి పాల్ రయన్ బిల్లు ఖర్చు లెక్కల్లోని కిటుకులను ఒక్కొక్కటిగా విడదీసి చూపారు. ఆ రోజు రిపబ్లికన్ల వైపు నుంచి వచ్చిన బలమైన వాదన అదే. కానీ ఓటుకు బదులుగా ఏం మారిస్తే ఒప్పుకుంటారన్న ప్రశ్నకు జవాబు రాలేదు. గెలిచామనుకున్న పక్షం ధర చెప్పలేదు.

మూడో స్పందన రాష్ట్రాల నుంచి. బీమా కొనమని పౌరుడిని బలవంతపెట్టరాదంటూ వర్జీనియా, ఐడాహో చట్టాలు చేశాయి. కాంగ్రెస్‌లో ఓడినా కోర్టులో నిలబడడానికి వేసిన పునాది ఇది. మూడింటిలో దూరం ఆలోచించింది ఇదొక్కటే.

నాలుగు దారులు

జనవరి 20 ఉదయం డెమొక్రాట్ల ముందు ఉన్న దారులు చూద్దాం.

మొదటిది, బ్రౌన్ ప్రమాణం చేసేలోపే, కిర్క్ సీట్లో ఉండగానే, మూడో బిల్లును తొందరగా సెనేట్‌లో గట్టెక్కించడం. వెబ్ మాటతో అది ఆ రాత్రే మూసుకుపోయింది. నిజానికి పాఠం కూడా సిద్ధంగా లేదు. రెండోది, బిల్లును కుదించి పిల్లల బీమా, బీమా కంపెనీల నియంత్రణ వంటి ముక్కలు మాత్రం చేయడం. వైట్‌హౌస్‌లో కొందరు దీనివైపు మొగ్గారు. దీని లోపం రాజకీయం కంటే బీమా గణితంలో ఉంది. జబ్బున్నవారిని కాదనకూడదని చెప్పి, ఆరోగ్యంగా ఉన్నవారు కూడా కొనాలన్న నియమం పెట్టకపోతే జబ్బు చేశాకే కొంటారు. ప్రీమియం పెరుగుతుంది, మిగిలిన ఆరోగ్యవంతులూ తప్పుకుంటారు. సబ్సిడీ లేకుండా కొనమనడం కుదరదు. సబ్సిడీకి డబ్బు కావాలి. ఒక ముక్క పట్టుకుంటే మిగతావన్నీ వెంట వస్తాయి. పైగా కుదించిన బిల్లుకు కూడా సెనేట్‌లో 60 కావాలి.

మూడోది, సెనేట్ బిల్లును ప్రతినిధుల సభ ఒక్క కామా కూడా మార్చకుండా ఆమోదించడం. అప్పుడది నేరుగా అధ్యక్షుడి బల్ల మీదికి పోతుంది, సెనేట్‌కు మళ్లీ వెళ్లే పని లేదు, 41వ ఓటుకు పని లేదు. నాలుగోది, మూడోదానికి తోడు ఒక సవరణ బిల్లును రీకన్సిలియేషన్ పద్ధతిలో 51 ఓట్లతో సెనేట్ దాటించడం. చివరికి జరిగింది ఇదే.

తలుపు మూసి ఉంటే కంచె దూకుతాం, కంచె ఎత్తుగా ఉంటే పోల్‌వాల్ట్ చేస్తాం, అదీ కుదరకపోతే పారాచూట్‌లో దిగుతాం అన్న అర్థంలో జనవరి 28న పెలోసీ మాట్లాడారు. ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో యాంథమ్ బ్లూ క్రాస్ వ్యక్తిగత పాలసీల ప్రీమియం 39 శాతం దాకా పెంచుతామని ప్రకటించింది. ఏమీ చేయకపోతే ఏమవుతుందో జనానికి చూపడానికి డెమొక్రాట్లకు అంతకంటే సాక్ష్యం అవసరం లేకపోయింది.

రీకన్సిలియేషన్ పనితీరు

1974 బడ్జెట్ చట్టంలోని ఏర్పాటు ఇది. బడ్జెట్ తీర్మానంలో కమిటీలకు ఫలానా మొత్తం ఆదా చేయండని ఆదేశం ఇస్తే, ఆ ఆదేశం ప్రకారం వచ్చిన బిల్లు మీద సెనేట్‌లో చర్చ 20 గంటలకు మించకూడదు. కాబట్టి ఫిలిబస్టర్‌కు తావుండదు. ఆదేశం ముందే ఉండాలి, అవసరం పడ్డాక పుట్టించలేరు. 2009 ఏప్రిల్ చివర్లో ఆమోదించిన బడ్జెట్ తీర్మానంలో డెమొక్రాట్లు ఆరోగ్యానికీ విద్యకూ ఈ ఆదేశాలు పెట్టి ఉంచారు. అప్పట్లో 60 ఓట్లు ఉంటాయన్న నమ్మకంతో పక్కన పెట్టిన తాళంచెవి అది. తొమ్మిది నెలల తర్వాత పనికొచ్చింది.

తెలుగు పాఠకులకు దగ్గరి పోలిక ద్రవ్య బిల్లు. మన రాజ్యాంగం 110వ అధికరణం కింద స్పీకర్ ధ్రువీకరిస్తే రాజ్యసభ ఆ బిల్లును అడ్డుకోలేదు. 2016లో ఆధార్ బిల్లుకు రాజ్యసభ సూచించిన సవరణలను లోక్‌సభ తోసిపుచ్చగలిగింది అందుకే. తేడా ఏమిటంటే, అమెరికా సెనేట్‌లో ఏది లోపల, ఏది బయట అన్నది బిల్లు మొత్తానికి ఒకేసారి తేల్చరు. ఒక్కో నిబంధననూ విడిగా పరీక్షిస్తారు. దాని పేరు బర్డ్ రూల్. ఖర్చు మీద గానీ రాబడి మీద గానీ ప్రభావం లేని నిబంధన పడిపోతుంది. ప్రభావం ఉన్నా అది విధానానికి తోకలాంటిదైతే పడిపోతుంది. సోషల్ సెక్యూరిటీని తాకితే మొత్తం బిల్లే ప్రమాదంలో పడుతుంది. సలహా చెప్పేది సెనేట్ పార్లమెంటేరియన్, అప్పుడు అలన్ ఫ్రూమిన్.

ఈ జల్లెడలో ఏం దాటిందో చూస్తే చట్టం రూపం అర్థమవుతుంది. అంకెలు దాటాయి. నెబ్రాస్కాకు ఇచ్చిన ప్రత్యేక వెసులుబాటు పోయింది. దాని బదులు అన్ని రాష్ట్రాలకూ మెడికెయిడ్ విస్తరణ ఖర్చు 2014 నుంచి 2016 దాకా 100 శాతం, 2020 నాటికి 90 శాతం కేంద్రం ఇస్తుందని రాశారు. ఖరీదైన ప్లాన్ల పన్ను 2013 నుంచి 2018కి జరిగింది. దాని హద్దు ఒక్కరికైతే 8,500 డాలర్ల నుంచి 10,200కి, కుటుంబానికి 23,000 నుంచి 27,500కి పెరిగింది. బీమా లేనివారి జరిమానాలో స్థిర మొత్తం 750 నుంచి 695 డాలర్లకు తగ్గింది, ఆదాయ శాతం 2 నుంచి 2.5కు పెరిగింది. అంకెలు కానివి దాటలేదు. ప్రీమియం పెంపును అడ్డుకునే కేంద్ర అధికార సంస్థను ఒబామా ఫిబ్రవరి 22న ప్రతిపాదించారు, అది వదులుకోవాల్సి వచ్చింది. గర్భస్రావం మీద భాష మార్చడమూ కుదరలేదు.

క్రమం కూడా చిక్కే. చట్టం కాని దాన్ని రీకన్సిలియేషన్ బిల్లు సవరించలేదని పార్లమెంటేరియన్ చెప్పారు. అంటే ప్రతినిధుల సభ ముందు సెనేట్ బిల్లును ఆమోదించాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి, ఆ తర్వాతే సెనేట్ సవరణలు చేపడుతుంది. ఈలోగా సెనేట్ మాట తప్పితే నెబ్రాస్కా బేరానికి ఓటేసిన మచ్చ ప్రతినిధుల మీద ఉండిపోతుంది. రెండు సభల మధ్య అపనమ్మకం అసలు అడ్డంకి. ఓటేయకుండానే సెనేట్ బిల్లు ఆమోదం పొందినట్టు భావించే నిబంధన ఒకటి ఆలోచించి, విమర్శలు రావడంతో మార్చి 20న వదిలేశారు. మంచిదే అయింది. అంత పెద్ద చట్టానికి నేరుగా ఓటు పడకపోతే కోర్టులో మరో దాడికి చోటిచ్చినట్టయ్యేది.

216 లెక్క

నవంబరు నాటి 220లో ఒకే ఒక్క రిపబ్లికన్ ఓటు లూసియానాకు చెందిన జోసెఫ్ కావ్‌ది. మార్చికి ఆయన వెనక్కి తగ్గారు. 219 మంది డెమొక్రాట్లలో రాబర్ట్ వెక్స్‌లర్, నీల్ ఆబర్‌క్రాంబీ రాజీనామా చేశారు, జాన్ ముర్తా చనిపోయారు. మిగిలింది 216. అందులో అయిదుగురు వ్యతిరేకానికి మారారు. వారిలో బ్రౌన్ గెలిచిన మసాచుసెట్స్‌కే చెందిన స్టీఫెన్ లించ్ ఒకరు. 211. నవంబరులో వద్దన్నవారిలో ఎనిమిది మంది ఈసారి అవునన్నారు. బిల్లు చాలదని ఎడమవైపు నుంచి వ్యతిరేకించిన డెనిస్ కుసినిచ్, కష్టమైన నియోజకవర్గాల నుంచి వచ్చిన జాన్ బొచ్చియెరి, బెట్సీ మార్కీ వంటివారు. మళ్లీ 219. సభలో అప్పుడున్నది 431 మంది, కావాల్సింది 216. మార్చి 21 రాత్రి 219–212. గర్భస్రావానికి కేంద్ర నిధులు పోవని అధ్యక్షుడు కార్యనిర్వాహక ఆదేశం ఇస్తానని ఒప్పుకోవడంతో గర్భస్రావాన్ని వ్యతిరేకించే డెమొక్రాట్ బార్ట్ స్టూపక్ వర్గం అదే రోజు మధ్యాహ్నం వచ్చి చేరింది. చట్టంలో రాయలేనిదాన్ని ఆదేశంలో పెట్టారు.

మార్చి 23న ఒబామా సంతకం చేశారు. 25న సెనేట్ సవరణ బిల్లును 56–43తో ఆమోదించింది. రిపబ్లికన్లు రాత్రంతా సవరణ మీద సవరణ పెట్టారు. ఒక్కటి నెగ్గినా బిల్లు ప్రతినిధుల సభకు తిరిగి వెళ్లాలి. డెమొక్రాట్లు అన్నిటినీ ఓడించారు. అయినా విద్యార్థుల పెల్ గ్రాంట్లకు సంబంధించిన రెండు చిన్న నిబంధనలు బర్డ్ రూల్‌కు చిక్కి పడిపోయాయి. బిల్లు తిరిగి వెళ్లింది. అదే రాత్రి 220–207తో ముగిసింది. మార్చి 30న దాని మీదా సంతకం పడింది.

సంప్రదాయవాదుల్లో ఈ ఓటమిని సూటిగా అంచనా వేసినవారు రచయిత డేవిడ్ ఫ్రమ్. మార్చి 21నే, బేరమాడే అవకాశాన్ని వదులుకుని పూర్తి విజయం కోసం పోయి అన్నీ పోగొట్టుకున్నామన్న అర్థంలో రాశారు. నాలుగు రోజుల్లో సంప్రదాయవాద మేధో సంస్థ అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్‌తో ఆయన బంధం తెగింది. ఆయన విశ్లేషణ సరైనదే. జనవరి 20న రిపబ్లికన్లు నిర్దిష్టమైన ధర చెప్పి ఉంటే, కుదింపు వైపు మొగ్గిన డెమొక్రాట్లు చాలామంది దానికి అతుక్కునేవారు. ధర చెప్పకపోవడంతో ఆ మధ్యేవాదులకు మిగిలింది రెండే: డిసెంబరు 24 పాఠం, లేదా ఏమీ లేకపోవడం.

దిద్దకుండా మిగిలిన అక్షరాలు

మామూలుగా రెండు సభల బిల్లులను సంయుక్త కమిటీలో కలిపేటప్పుడు ముసాయిదా రాసేవారు పాఠాన్ని గీసి గీసి శుభ్రం చేస్తారు. ఈ చట్టానికి ఆ దశ దక్కలేదు. సెనేట్‌లో చివరి రోజుల్లో చేర్చిన పదో అధ్యాయం ముందు అధ్యాయాలను సవరిస్తుంది, అంటే చట్టం తనను తానే దిద్దుకుంటుంది. 1563 అన్న సంఖ్యతో సెక్షన్లు ఒకటి కాదు, మూడున్నాయి. ప్రతినిధుల సభ బిల్లులో, ఒక భాగం చెల్లదని తేలినా మిగతాది నిలబడాలన్న నిబంధన ఉంది. సెనేట్ బిల్లులో లేదు. 2011 జనవరి 31న ఫ్లోరిడాలో ఫెడరల్ జడ్జి రోజర్ విన్సన్ ఈ లోటును ఎత్తిచూపి చట్టం మొత్తాన్నే కొట్టేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు 5–4తో బీమా తప్పనిసరి నియమాన్ని పన్నుగా నిలబెట్టింది, మెడికెయిడ్ విస్తరణను మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది.

అన్నిటికంటే ప్రమాదకరమైనవి నాలుగైదు మాటలు. పన్ను చట్టం 36బి సెక్షన్‌లో సబ్సిడీని రాష్ట్రం స్థాపించిన ఎక్స్చేంజ్‌లో కొన్న బీమాకు ముడిపెట్టారు. ప్రతినిధుల సభ బిల్లులో దేశమంతటికీ ఒకే ఎక్స్చేంజ్ కాబట్టి అక్కడ ఈ ఇబ్బందే రాదు. సెనేట్ నమూనాలో రాష్ట్రాలు పెట్టకపోతే కేంద్రం పెడుతుంది. 34 రాష్ట్రాలు healthcare.gov మీదే నడిచాయన్నమాట, అంటే కేంద్రం వెబ్‌సైటు మీద. అక్షరాన్ని పట్టుకుంటే వాటిలో ఎవరికీ సబ్సిడీ రాదని సంప్రదాయవాద న్యాయవాదులు కేసు వేశారు. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండే టెక్సస్, న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా అన్నీ అప్పట్లో ఆ జాబితాలోవే. చిన్న వ్యాపారం చేసుకునేవారు, ఉద్యోగం మధ్యలో ఆగినవారు, గ్రీన్‌కార్డు మీద వచ్చి మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ బీమా) కొనుక్కోవడానికి అయిదేళ్లు ఆగాల్సిన అమ్మానాన్నలు అక్కడ ఎక్స్చేంజ్ ప్లాన్ మీదే ఉన్నారు. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లను బీమా కంపెనీ కాదనలేని మొదటి చోటు వాళ్లకు అదే. 2015 జూన్ 25న సుప్రీంకోర్టు 6–3తో సబ్సిడీని నిలబెట్టింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తీర్పులో చట్టంలోని రాత లోపాలను, ఆ మూడు 1563 సెక్షన్లతో సహా, ప్రస్తావించారు.

బ్రౌన్ సంగతి కూడా చెప్పాలి. ఫిబ్రవరి 4న ప్రమాణం చేశారు. మూడు వారాలు తిరక్కుండానే 1,500 కోట్ల డాలర్ల ఉపాధి బిల్లు మీద చర్చ ముగించడానికి డెమొక్రాట్లతో కలిసి ఓటేశారు. డబ్బు పంపిన సంప్రదాయవాదులు భగ్గుమన్నారు. 2012లో ఎలిజబెత్ వారెన్ చేతిలో ఓడిపోయారు. రిపబ్లికన్ పార్టీ 2010 నవంబరులో ప్రతినిధుల సభలో 63 సీట్లు పెంచుకుంది. కానీ చట్టాన్ని రద్దు చేయాలంటే వాళ్లకూ ఆ 51 ఓట్ల దారే గతి అయింది. 2016 జనవరిలో ఆ దారిన వచ్చిన రద్దు బిల్లును ఒబామా వీటో చేశారు. 2017 జులై 28 తెల్లవారుజామున అదే బర్డ్ రూల్ జల్లెడలోంచి కుదించి తెచ్చిన బిల్లు రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ వ్యతిరేక ఓటుతో 49–51 తేడాతో పడిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో పన్ను చట్టంలో జరిమానాను సున్నా చేయగలిగారు. 695 అన్న అంకె రీకన్సిలియేషన్‌లోనే పుట్టింది, రీకన్సిలియేషన్‌లోనే పోయింది.